మిర్చి రేటు చూసి పైథాన్ నేర్చుకోవద్దు

"ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే మంచిది సార్?" కౌన్సెలింగ్ రోజుల్లో తల్లిదండ్రులు అడుగుతారు, ఫైనలియర్‌లో పిల్లలు అడుగుతారు, ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్న ఉద్యోగులూ అడుగుతారు. చిరాకేమిటంటే, అందరూ దీన్నే మొదటి ప్రశ్న అనుకుంటారు. అడగాల్సిన వాటిలో ఇది నాలుగోదో ఐదోదో.

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర తలెత్తి చూస్తే ఈ ప్రశ్నకు జవాబులు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద వేలాడుతుంటాయి. 1990ల చివర అక్కడ కోబాల్, మెయిన్‌ఫ్రేమ్‌లదే రాజ్యం. ఏడాదిని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడతాయని అమెరికా కంపెనీలు మనుషుల కోసం ఎగబడ్డాయి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు ఆ వేడి మీదే ఉన్నాం. 2000 వచ్చింది, ఆ పని అయిపోయింది, వెనకే డాట్‌కామ్ కంపెనీలు కూలాయి. తర్వాత జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, డెవాప్స్, డేటా సైన్స్. ఇప్పుడు జెన్ ఏఐ. ఫ్లెక్సీ మారుతుంది గానీ దాని కింద నిలబడే పిల్లల కంగారు మారదు.

గుంటూరు యార్డులో మిర్చికీ ఇదే జరుగుతుంది. నిరుడు రేటు బాగుందని ఊరంతా మిర్చి వేస్తుంది, పంటంతా ఒక్కసారే యార్డుకొస్తుంది, రేటు పడుతుంది. మరుసటేడు భయపడి మానేస్తారు, రేటు లేస్తుంది. ఆర్థికవేత్తలు దీన్ని సాలెగూడు నమూనా అంటారు. రిచర్డ్ ఫ్రీమన్ అనే ఆయన 1976లో అమెరికా ఇంజినీర్ల జీతాలకే ఈ లెక్క కట్టి చూపించాడు. మిర్చి నెలల్లో చేతికొస్తుంది, బీటెక్‌కి నాలుగేళ్లు పడుతుంది. నారు పోసేనాటి ధర చూసి చేరినవాడు, నాలుగేళ్ల తర్వాతి యార్డులో అమ్ముకోవాలి. ఈ లోపల తామర పురుగు పడొచ్చు. విత్తనాల కొట్టువాడికి మాత్రం ఏ ఏడూ నష్టం లేదు, అతను అమ్మేది విత్తనమే కదా. నకిలీ విత్తనాలూ ఉన్నాయి: చేయని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, ఒకరి బదులు ఇంకొకరు హాజరయ్యే ఇంటర్వ్యూలు. అవి మొలవవు, మొలిచినా కాయవు. కోల్డ్ స్టోరేజీలో దాచిన సరుకుకి ఎప్పుడో మంచి రేటు వచ్చినట్టు 1959లో రూపుదిద్దుకోవడం మొదలైన కోబాల్‌కి కూడా 2020లో ఒకసారి గిరాకీ వచ్చింది. కరోనాలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తడంతో, కోబాల్ తెలిసినవాళ్లు ముందుకు రావాలని న్యూజెర్సీ గవర్నరే బహిరంగంగా అడిగాడు. అలాగని ఇప్పుడు కోబాల్ కోర్సులో చేరకండి. మళ్లీ రేటు చూసి నాటినట్టే అవుతుంది.

మరి దేన్ని నమ్ముకోవాలి? ఒక చిన్న పని తీసుకుని నిదానంగా చూద్దాం. పది లక్షల ఫోన్ నంబర్ల జాబితా ఉంది. అందులో రెండుసార్లు వచ్చిన నంబర్లు పట్టుకోవాలి. తోచిన పద్ధతి: మొదటి నంబరును మిగతా అన్నిటితో పోల్చడం, తర్వాత రెండోదాన్ని, తర్వాత మూడోదాన్ని. ఇలా చేస్తే దాదాపు యాభై వేల కోట్ల పోలికలు. సీ భాషలో రాసి, సెకనుకు వంద కోట్ల పోలికలు చేయగలిగామనుకున్నా ఎనిమిది నిమిషాలు దాటుతుంది. ఇప్పుడు ఇంకో దారి. ముందు నంబర్లన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసలో పేర్చండి. ఒకేలా ఉన్నవి పక్కపక్కనే చేరతాయి, ఒక్కసారి పైనుంచి కిందికి చూస్తే చాలు. పేర్చడానికి ఎంత శ్రమ? పది లక్షల్ని సగం, అందులో సగం అంటూ పోతే ఇరవై సార్లకు ఒక్కటే మిగులుతుంది. అందుకే మంచి పద్ధతిలో పేర్చితే ఒక్కో నంబరుకూ సుమారు ఇరవై పోలికలు, మొత్తం రెండు కోట్లు. యాభై వేల కోట్లెక్కడ, రెండు కోట్లెక్కడ! ఈ రెండో దారిని పైథాన్‌లో రాసినా మామూలు ల్యాప్‌టాప్ ఒకటి రెండు సెకన్లలో ముగిస్తుంది. ఇలాంటి పనుల్లో సీ కంటే పైథాన్ పదుల రెట్లు నెమ్మది. అయినా గెలిచింది. గెలిపించింది భాష కాదు. ఈ ఆలోచన ఒకసారి పట్టుబడితే జావాలోనూ అదే, గోలోనూ అదే. రెండో భాష నేర్చుకోవడానికి ఏళ్లు పట్టవు, వారాలు చాలు.

నా పక్షపాతం ఒకటి దాచుకోను: డేటాబేసులతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. 1970లో ఎడ్గార్ కాడ్ రాసిన ఒక్క పరిశోధనా పత్రం పునాదిగా, 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ దాన్ని రూపొందించారు. యాభై ఏళ్లు దాటింది. ఫ్లాష్ వచ్చి 2020 ఆఖరుకు పోయింది, సిల్వర్‌లైట్ అంతకంటే తక్కువే బతికింది, ఇది మాత్రం మన బ్యాంకు ఖాతాల వెనక, రైలు టికెట్ల వెనక కూర్చునే ఉంది. ఏం కావాలో చెబితే చాలు, ఎలా తేవాలో అదే చూసుకుంటుంది. ఇంత సొగసైన భాష గురించి "నేర్చుకోమంటారా సార్" అని ఎవరూ అడగరు, ఫ్లెక్సీ మీద పెద్దక్షరాల్లో ఉండదు కాబట్టి. ముందు నాలుగు పట్టికల్ని కలిపి ఒక లెక్క తీయడం నేర్చుకోండి, తర్వాత మాట్లాడుకుందాం.

భాష కోసం ఫ్లెక్సీలు చూసినట్టే బ్రాంచి కోసం గ్రహాలు చూస్తారు. బుధుడు బలంగా ఉంటే కంప్యూటర్లు, కుజుడైతే సివిల్ అని జాతకం చూపించి బ్రాంచి రాయించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బుధుడి పేరు చెప్పుకుని సీఎస్‌ఈలో చేరి, లూపు రాయమంటే చెమటలు పట్టేవాళ్లకి ఆ జ్యోతిష్కుడు ఫీజు వెనక్కివ్వడు.

రంగం ఎంచుకోవడానికి మాత్రం కాస్త నేల చూడాలి. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు ఉన్న కంపెనీలన్నీ ఒకే పని చేయవు. వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్ లాంటి బ్యాంకుల కార్యాలయాల్లో జావా, డేటాబేసులు తెలిసినవాళ్లకి పని ఉంటుంది. క్వాల్‌కామ్, ఏఎండీల్లో చిప్ డిజైన్, దాని తనిఖీ. అక్కడ వెరిలాగ్ కావాలి, ఎలక్ట్రానిక్స్ పిల్లలు దాన్ని వదిలేసి వెబ్‌సైట్ల వెనక ఎందుకు పడతారో నాకర్థం కాదు. క్లౌడ్, సెక్యూరిటీ వైపు వెళ్లాలంటే ముందు లినక్స్, నెట్‌వర్కులు రావాలి, సర్టిఫికెట్ తర్వాత. ఏఐ కోడ్ రాసేస్తోంది కదా అంటారా? రాస్తోంది, అందులో తప్పు పట్టుకోవలసింది మీరు. చదవడం రానివాడు తప్పేం పట్టుకుంటాడు?

కాబట్టి జావానో పైథానో ఒకటి పట్టుకుని ఏడాది వదలకండి. డెమో క్లాసుకు వెళ్తే ప్యాకేజీ ఎంత, ప్లేస్‌మెంట్ ఉందా అని అడగొద్దు. మా చేత వారానికి ఎన్ని ప్రోగ్రాములు రాయిస్తారు, వాటిని ఎవరు దిద్దుతారు అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.