మీకు తెలుసా? చెత్త బండికి డబ్బు ఎవరి చేతికిస్తాం?

ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్ రైల్వే స్టేషన్ నుంచి పట్టాలు దాటితే గుఢియారీ. ఆ వీధుల్లోకి వచ్చే చెత్త బండికీ హైదరాబాద్‌కూ చుట్టరికం ఉందని మీకు తెలుసా? రాయ్‌పూర్‌లో ఇంటింటి చెత్త సేకరణ కాంట్రాక్టు తీసుకున్న ఢిల్లీ ఎం.ఎస్.డబ్ల్యూ. సొల్యూషన్స్, హైదరాబాద్‌కు చెందిన రాంకీ గ్రూపులో మొదలైన సంస్థ. ఈ సేవకు ఇళ్లవాళ్లు చెల్లించాల్సిన యూజర్ ఛార్జీని అక్కడి నగరపాలక సంస్థ ఇంటి పన్నుతో కలిపి వసూలు చేస్తుంది. కట్టేది ఇంటి యజమాని. అద్దెకున్నవాళ్లకు ఆ రసీదు కంటపడే అవకాశమే తక్కువ. చెత్త మాత్రం ఇద్దరిదీ.

చెత్త సేకరణ లాంటి సేవ మెరుగైతే జనం ఎంత ఇవ్వడానికి సిద్ధపడతారో లెక్కగట్టడం ఆర్థికశాస్త్రంలో పాత పనే. అంగట్లో ధర లేని మేలుకు విలువ కట్టాలంటే నేరుగా జనాన్నే అడగొచ్చని సిరియసీ-వాంట్రప్ అనే ఆర్థికవేత్త 1947లోనే సూచించాడు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికి సముద్రం పాడయ్యాక ఈ పద్ధతి మీద పెద్ద వాదం నడిచింది. దాన్ని తేల్చడానికి అమెరికా ప్రభుత్వం వేసిన నిపుణుల బృందానికి నోబెల్ గ్రహీతలు కెనెత్ ఆరో, రాబర్ట్ సోలో నాయకత్వం వహించారు. 1993లో వాళ్లిచ్చిన సలహాల్లో ఒకటి చాలా పనికొచ్చేది. ‘మీరు ఎంత ఇస్తారు?’ అని వదిలేయకండి, ‘ఇంత అయితే ఒప్పుకుంటారా, లేదా?’ అని అడగండి అన్నారు. మొదటి ప్రశ్నకు నోటికొచ్చిన అంకె వస్తుంది, రెండోదానికి మనిషి తన ఇంటిఖర్చు తలచుకుని జవాబు చెబుతాడు. డబ్బు ఏ దారిన వసూలు చేస్తారో, పన్నులోనా, విడి రుసుముగానా, అది కూడా ముందే చెప్పాలి. దారి మారితే జవాబు మారుతుంది.

ఆ మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. 2015 చివర్లో హైదరాబాద్‌లో చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలు రోడ్డెక్కాయి. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా ఇంటింటికీ పంచారు. ఆటో నడిపేవాడే దాని యజమాని, బండి మీద అప్పు కూడా అతనిదే. నెలకు ఇంటికి 50 రూపాయలు నేరుగా అతని చేతిలో పెట్టే ఏర్పాటు. వారం రోజులు బండి రాకపోతే నెలాఖరున ఆ ముఖం చూసి అడిగేయొచ్చు. ఇవ్వనివాళ్లు లేరని కాదు, ఇచ్చేవాళ్లకు మాత్రం దేనికిస్తున్నామో తెలుసు. ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది. ఊరిని శుభ్రం చేసే మనిషి జీవనం మన గుమ్మం ముందు బేరానికి దిగకూడదు. ఇల్లు తాళం వేసి ఊరెళ్లినా అతని బండి వాయిదా ఆగదు కదా.

ఆంధ్రప్రదేశ్‌ది ఇంకో కథ. 2021 అక్టోబర్ 2న విజయవాడలో క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్, మొదలైంది. మూడు రంగుల డబ్బాలు, కొత్త వాహనాలు వచ్చాయి. వాటితోపాటే పెద్ద నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా రుసుము వచ్చింది. కాగితం మీద అది యూజర్ ఛార్జీ, జనం నోట మాత్రం ‘చెత్త పన్ను’. ఇంటి పన్ను కడుతున్నాం, మళ్లీ ఇదేమిటన్న ప్రశ్నకు సరైన జవాబు ఎవరూ చెప్పలేదు. వసూలుకు వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. 2024 అక్టోబర్ 2న, సరిగ్గా మూడేళ్లకు, మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాని రద్దును ప్రకటించారు. దీన్ని చూసి తెలుగువాళ్లు శుభ్రతకు డబ్బివ్వరని తేల్చేయడం అన్యాయం. హైదరాబాద్‌లో ఇచ్చిందీ తెలుగువాళ్లే. పని కళ్లకు కనబడకముందే బిల్లు వస్తే, అదీ కూలి చేసుకునే ఇంటికి వస్తే, కోపం రాక ఏమొస్తుంది?

చెత్త పనికయ్యే ఖర్చు చిన్నదేం కాదు. పేద దేశాల్లో మున్సిపాలిటీల బడ్జెట్‌లో సగటున 20 శాతం దాకా దీనికే పోతోందని ప్రపంచ బ్యాంకు 2018 నివేదిక చెబుతోంది. ధనిక దేశాల్లో అది 4 శాతం. రుసుము తీసుకోవడానికి ఇంకో దారీ ఉంది. దక్షిణ కొరియా 1995లో దేశమంతటా కొత్త పద్ధతి పెట్టింది. చెత్త వేయడానికి నిర్ణీత సంచి కొనుక్కోవాలి, ఎక్కువ పారేస్తే ఎక్కువ సంచులు. రీసైకిల్‌కు వేరుచేసి పెట్టినదానికి రుసుము లేదు.

గుఢియారీ ఉన్న రాష్ట్రంలోనే, రాయ్‌పూర్‌కు ఈశాన్యాన, రోడ్డు దారిన 300 కిలోమీటర్లకు పైగా దూరంలో, సర్గుజా జిల్లా కేంద్రం అంబికాపూర్ ఉంది. అక్కడ స్వయం సహాయక సంఘాల మహిళలు రిక్షాలతో గడప గడపకూ వెళ్లి చెత్త తీసుకుంటారు. ఊళ్లో వాళ్ల పేరు స్వచ్ఛతా దీదీలు. ఇళ్లు, దుకాణాల నుంచి వచ్చే నెలవారీ రుసుముకు తోడు, ఏరి వేరుచేసిన ప్లాస్టిక్, అట్ట, ఇనుము అమ్మగా వచ్చిన డబ్బు కూడా ఆ వ్యవస్థకే చేరుతుంది. రుసుము ఒక్కటే భారం మోయాల్సిన అవసరం ఉండదు. ఒకప్పటి డంపింగ్ యార్డు పార్కయింది. 2019లో అదే ఊళ్లో ‘గార్బేజ్ కెఫే’ తెరిచారు. కిలో ప్లాస్టిక్ చెత్త తెచ్చి ఇస్తే కడుపునిండా భోజనం, అరకిలో తెస్తే టిఫిన్. చెత్త ఏరుకుని బతికేవాళ్లకు అక్కడ చెల్లుబాటయ్యే సొమ్ము ఆ ప్లాస్టిక్కే.