మైనం మీద మేళం

లేపాక్షి వీరభద్రాలయం నాట్యమండపంలో రాతి స్తంభాల మీద ఒక కచేరీ ఐదు శతాబ్దాలకు చేరువగా సాగుతోంది. రంభ ఆడుతుంటే దేవతలే వాద్యకారులయ్యారు. ఒకరి చేతిలో మద్దెల, ఒకరి చేతిలో తాళాలు, ఇంకొకరి చేతిలో తంత్రీవాద్యం. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్న కాలంలో (1529–1542) పెనుకొండ అధికారి విరూపణ్ణ పూనికతో లేచిన గుడి ఇది. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ రాతి వాద్యాలకు ఎండా వానా ఒక్కటే. చెక్క వీణకు మాత్రం ఈ పీఠభూమి కఠినమైన చోటు.

ఇక్కడ ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటడం మామూలే. వీణకు కావలసిన పనసేమో తేమ నేలల చెట్టు. అందుకే అనంతపురంలో ఎవరి ఇంట వీణ కనిపించినా అది దాదాపుగా బయటి నుంచి వచ్చినదే అయి ఉంటుంది. బొబ్బిలి నుంచో, నూజివీడు నుంచో, తంజావూరు నుంచో వచ్చి, పుట్టిన చోటి గాలి వేరు, బతకాల్సిన చోటి గాలి వేరు అన్న స్థితిలో పడుతుంది.

అయినా వీణ జీవితకథలో ఈ ప్రాంతానికి పెద్ద పాత్ర ఉంది. 1550లో విజయనగరంలో అళియ రామరాయల ప్రాపున రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో వీణకు ఒక ప్రకరణమే కేటాయించి, మూడు రకాల వీణలను వివరించాడు. ఒకటి శుద్ధమేళ వీణ, ఇంకొకటి మధ్యమేళ వీణ, మూడోది అచ్యుతరాజేంద్రమేళ వీణ. లేపాక్షి గుడి ఎవరి ఏలుబడిలో లేచిందో ఆ రాజు పేరే ఒక వీణకూ దక్కిందన్నమాట. పదిహేనేళ్ళకు తళ్లికోట యుద్ధంలో విజయనగరం కూలింది. రాజధాని పెనుకొండకు, అంటే ఈ రాళ్ళ నేలకే, తరలింది.

రామామాత్యుడు తేల్చదలచుకున్న చిక్కు పూర్తిగా పనితనానికి సంబంధించినది. వీణ మీద మెట్లు ఎక్కడ బిగించాలి? ఒక్క రాగానికి కావలసిన స్వరాలకే మెట్లు పెడితే రాగం మారినప్పుడల్లా వాటిని జరుపుకోవాలి. అన్ని స్వరాలకూ మెట్లు ఉంటే ఏ రాగమైనా ఒకే వీణ మీద పలుకుతుంది. మొదటిది ఏకరాగమేళం, రెండోది సర్వరాగమేళం. మెట్ల స్థానాలకు ఆధారంగా ఆయన ‘స్వయంభూ స్వరాల’ను, అంటే మీటిన తీగలో వాటంతట అవే పుట్టే స్వరాలను చూపాడు. నేటి భౌతికశాస్త్రం వాటిని అనుస్వరాలంటుంది. రాజసభలో కూర్చున్న పండితుడు తీగకు చెవి ఆనించి, ప్రకృతి ఇచ్చిన కొలబద్దను పట్టుకున్నాడు. వీణ చరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన మలుపు ఇంకొకటి లేదనిపిస్తుంది.

ఆ విద్య దక్షిణానికి సాగింది. 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో తంజావూరును ఏలిన తెలుగు రాజు, కవి రఘునాథ నాయకుడి కొలువులో, మంత్రి గోవింద దీక్షితుల చేతుల మీదుగా 24 మెట్ల వీణ స్థిరపడిందని సంగీత సంప్రదాయం చెబుతుంది. అంతకు ముందరి వీణలు ఎక్కువగా ఒక దండి, దాని కింద కట్టిన బుర్రలతో ఉండేవి. క్రమంగా ఒక వైపు బుర్ర స్థానంలో పనసచెక్కతో తొలిచిన కుండ వచ్చింది. నేటి వీణలో ఎడమ వైపు, వాయించేవారి తొడ మీద ఆనే బుర్ర ఆ పాత రూపానికి మిగిలిన గుర్తు.

ఆ పాత రూపం మరోచోట ఇంకా బతికే ఉంది. తెలంగాణ నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య చేతిలో పన్నెండు మెట్ల కిన్నెరను తెలుగువాళ్ళంతా చూశారు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనం. అడవిలో, చేలో దొరికే సరుకుతోనే వాద్యం తయారవుతుంది. చెడితే బాగుచేసుకునేదీ వాయించేవాడే. 2022లో మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది. రాజసభ వీణకూ ఊరూరా తిరిగే కిన్నెరకూ మధ్య ఎంత దూరముందని చెప్పినా, రెండింటికీ కీలకం మైనమే.

ఇక మెట్ల లెక్క. తీగ మొదట ఆనే మేరువు నుంచి చివర ఆనే గుర్రం దాకా 80 సెంటీమీటర్లు ఉందనుకుందాం. స్థాయికి 12 స్వరస్థానాలు కాబట్టి 12వ మెట్టు సరిగ్గా సగంలో, 40 సెంటీమీటర్ల దగ్గర పడాలి. 24వది 60 దగ్గర. మొదటి మెట్టు మేరువుకు నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, చివరి రెండు మెట్ల మధ్య ఎడం 1.2 సెంటీమీటర్లే. కాగితం మీద ఇంతటితో పని అయిపోయినట్టే. కానీ తీగను మెట్టు మీదికి నొక్కగానే అది కొంచెం సాగుతుంది, బిగువు పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. ఎంత పోతుందన్నది తీగ మందం మీద, మెట్టు ఎత్తు మీద, దండి వంపు మీద ఆధారపడుతుంది. ఏ రెండు వీణలూ ఒకలా ఉండవు. కాబట్టి ఏ కొలబద్దా చివరి మాట చెప్పలేదు. మెట్టును వెంట్రుకవాసి జరిపి, విని, మళ్ళీ జరపాలి.

జరపడానికి వీలు కల్పించేదే మైనం. తేనె మైనం కరిగించి, బొగ్గుపొడి కలిపి, కొందరు గుగ్గిలమూ చేర్చి, దండికి రెండు వైపులా రెండు గట్లు పోస్తారు. ఇత్తడి మెట్లు ఆ గట్ల మీద కూర్చుంటాయి. మైనం వెచ్చగా ఉండగా మెట్టు జరుగుతుంది, చల్లారితే నిలుస్తుంది. గిటారు మెట్లు చెక్కలోకి దిగగొట్టినవి, ఒకసారి బిగిస్తే అంతే. వీణ మెట్టు అవసరమైతే మళ్ళీ కదలడానికి సిద్ధంగా ఉంటుంది. వీణకారులు ‘మేళం కట్టడం’ అనే పని ఇదే. చెక్కడం తెలిసిన వడ్రంగులు చాలామంది దొరుకుతారు, మేళం కట్టగలవారు కొద్దిమందే.

అనంతపురం ఎండ దెబ్బ మొదట తగిలేది ఈ మైనానికే. తేనె మైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర, మెత్తబడటం మాత్రం చాలా ముందే మొదలవుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కప్పు కింద పెట్టిన వీణలోనో, ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో మరిచిపోయిన వీణలోనో మెట్లు మెల్లగా ఒరుగుతాయి. కంటికి తేడా తెలియదు, గాంధారం పలికించగానే తెలుస్తుంది. ఏళ్ళు గడిచిన మైనానికి మరో జబ్బు, ఎండిపోయి పెళుసుబారుతుంది. తీగ మీద గమకం లాగినప్పుడు మెట్టు ఊగుతుంది.

రెండో దెబ్బ చెక్కకు. చుట్టూ ఉన్న గాలిని బట్టి చెక్క తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్కలో దాదాపు 16 శాతం నీరు నిలుస్తుంది. గాలి తేమ 30 శాతానికి పడిపోతే అది 6 శాతానికి దిగుతుంది. నీరు పోయిన చెక్క నిలువునా దాదాపు కుంచించుకుపోదు. అడ్డంగా మాత్రం, చాలా కలపల్లో, ఒక్కో శాతానికి రమారమి 0.2 శాతం తగ్గుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పున్న కుండ పలక ఆరు శాతం తేమ కోల్పోయిందంటే మూడు మిల్లీమీటర్లకు పైగా కుదించుకోవాలి. అంచులు అతికి ఉన్నాయి, కుదించుకునే దారి లేదు. చెరువు ఎండినప్పుడు అడుగున ఒండ్రు బీటలు వారినట్టే పలక నెర్రె ఇస్తుంది. అయితే ఇదంతా ఒక్క రోజులో జరగదు, చెక్క గాలితో సమానం కావడానికి వారాలు పడుతుంది. కొత్తగా తెచ్చిన వీణను గుడ్డ కప్పి, నీడన, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట ఉంచి మెల్లగా అలవాటు చేయడంలో ఉన్న శాస్త్రం ఇంతే.

విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి పనివాళ్ళకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. బొబ్బిలి సంస్థానం ఆదరణలో అక్కడ వీణల తయారీ నిలదొక్కుకుంది. సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు ఆ విద్యను నేటికీ మోస్తున్నాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వాళ్ళ గొప్ప పని ఏకాండి వీణ, కుండా దండీ ఒకే పనస మానులోంచి వస్తాయి. బాడిసతో మొదలుపెట్టి ఉలితో లోపల తొలుస్తూ పోతారు. అతుకు లేకపోతే ఎండకు విడిపోయే చోటు ఒకటి తగ్గినట్టే. విడి భాగాలతో చేసినదానికి వేరే సుగుణం ఉంది: ఒక భాగం పాడైతే దాన్నే మార్చవచ్చు. కరువు సీమకు ఏది మేలు అంటే, దగ్గర్లో బాగుచేసేవారు లేనప్పుడు ఏకాండి, ఉన్నప్పుడు అతుకుల వీణ అనుకోవాలి.

   

వీణలో ఎండకు లొంగనిది గుర్రం మీది లోహపు రేకు, కానీ దానికి తీగే శత్రువు. ఆ రేకు చదునుగా ఉండదు, కాస్త వంపు తిరిగి ఉంటుంది. కంపించే తీగ ప్రతి ఊపులోనూ ఆ వంపును తాకుతూ, విడుస్తూ పోతుంది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ దీని మీద 1921లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. తీగను ఒక అనుస్వరానికి నిశ్చల స్థానమైన చోట మీటితే ఆ అనుస్వరం వినిపించకూడదని పాత నియమం. వీణ, తంబురా ఆ నియమానికి లొంగడం లేదని, లేకుండా పోవాల్సిన అనుస్వరాలు బలంగా మోగుతున్నాయని రామన్ చూపాడు. వీణ నాదంలోని ఝంకారం చాలావరకు ఈ వంపు చలవే. ఏళ్ళ తరబడి వాయిస్తే తీగ ఆ రేకులో సన్నని గాడి కోస్తుంది. వంపు పోయి తీగ గాడిలో కూరుకుంటుంది, నాదం మూగబోతుంది. అప్పుడు సన్నని ఆకురాయితో రేకును అరగదీసి వంపు తిరిగి తేవాలి. అర మిల్లీమీటరు ఎక్కువ అరిగినా గరగర మొదలవుతుంది.

ఇంత సున్నితమైన యంత్రాన్ని ఇంట్లో ఉంచుకున్నవారికి రిపేరు ఎక్కడో దూరాన ఉండటమే అసలు కష్టం. మేళం సడలిన వీణను గుడ్డలో చుట్టి బస్సులోనో రైల్లోనో పంపితే దారిలోనే కొత్త దెబ్బ తగలవచ్చు. తిరిగొచ్చాక ఇక్కడి గాలికి మళ్ళీ శ్రుతి మారవచ్చు. మేళం అది మోగాల్సిన చోటే కట్టాలి. మైనం అవసరం లేకుండా మరలతో జరిపే మెట్లు, ఎలక్ట్రానిక్ వీణలు వచ్చాయి, ప్రయాణాలు చేసే విద్వాంసులకు అవి చాలా ఉపయోగం. అంతమాత్రాన ఇళ్ళలో ఉన్న పనస వీణలను అటక మీదికి ఎక్కించేయలేం.

సంగీత పాఠశాలల్లో వీణ నేర్పే చోట మేళం కట్టడం కూడా పాఠంగా చేర్చాలి. స్వరజ్ఞానం ఉన్న విద్యార్థికి సగం పని అప్పటికే వచ్చు, మిగతా సగం చేతిది. పాత వీణ ఒకటి, తేనె మైనం, బొగ్గుపొడి, చిన్న పొయ్యి, ఇత్తడి మెట్లు, ఆకురాయి, పక్కన శ్రుతిపెట్టె. వేసవి తగ్గి, తొలకరి గాలి ఇంకా పూర్తిగా తేమ పట్టని జూన్ ఆఖరు ఈ పీఠభూమి మీద మేళం పనికి అనువైన సమయం. ముందుగా మొదటి తీగ సారణి మీద 12వ మెట్టు పెట్టించాలి. అది నిలిచాక పంచమం, ఆ తర్వాత మధ్యమం, తక్కినవి వాటి మధ్య.