ఉమ్మి పరీక్షతో చిగుళ్ల జబ్బు తేలిపోతుందా?

పన్ను సలిపితే పాతబస్తీవాళ్లు నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు వెళ్తారు. చిగుళ్ల జబ్బుతో చిక్కేమిటంటే, అది చాలాకాలం నొప్పే పెట్టదు. దాన్ని ముందే పసిగడతాయని లాలాజల పరీక్షల మీద ఆశలు పెరిగాయి. వాటితోపాటే అపోహలూ.

అపోహ: కాస్త ఉమ్మి ఇస్తే జబ్బు ఎంత ముదిరిందో చెప్పేస్తారు.

వాస్తవం: చిగురు వాచినప్పుడు తెల్ల రక్తకణాలు ఎంఎంపీ-8 అనే ఎంజైమును వదులుతాయి. చిగురుకు పట్టునిచ్చే కొలాజెన్‌ను అది తెంపుతుంది. లాలాజలంలో ఇది పెరిగితే వాపు ఇప్పుడు చురుగ్గా ఉండవచ్చు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా కూడా అలాంటి సూచికే. కానీ నోటిలోని ఊటంతా ఉమ్మిలో కలుస్తుంది. కాబట్టి ఏ పన్ను దగ్గర, ఎముక ఎంత కరిగిందో అది చెప్పలేదు. అందుకు ఎక్స్‌రే, ప్రోబ్ కావాల్సిందే. ప్రోబ్ అనే సన్నటి కొలత కడ్డీతో ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల పన్నుకూ చిగురుకూ మధ్య లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే.

అపోహ: రక్తం రావడం లేదంటే చిగుళ్లు గట్టిగా ఉన్నట్టే.

వాస్తవం: బీడీ, సిగరెట్ తాగేవారిలో జబ్బున్నా రక్తం తక్కువే కనిపిస్తుంది. వారి లాలాజలంలో ఎంఎంపీ-8 కూడా తక్కువగా తేలవచ్చు. పొగాకు అలవాటు చెప్పకుండా పరీక్షకు ఇస్తే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. ఇక జర్దా పాన్ దవడన పెట్టుకునే చోట చిగురు దిగిపోయి పన్ను వేరు బయటపడుతుంది.

అపోహ: మిస్వాక్ పుల్ల నమిలితే గార కూడా పోతుంది.

వాస్తవం: మక్కా మసీదు పరిసరాల్లో దొరికే మిస్వాక్ సరిగ్గా వాడితే మెత్తటి పాచిని బాగానే తీస్తుంది. రాయిలా గట్టిపడిన గారను మాత్రం డాక్టరే తీయాలి.

అపోహ: క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి.

వాస్తవం: పళ్లను వదులు చేసేది జబ్బే. గార పోయి వాపు తీశాక, అవి దాచిన సందులు బయటపడతాయంతే. చికిత్స ఫలించినప్పుడు ఎంఎంపీ-8 సాధారణంగా తగ్గుతుంది. ఉమ్మి పరీక్ష అసలు ఉపయోగం ఇక్కడే: ఒకే మనిషి చికిత్సకు ముందు, తర్వాతి అంకెలను పోల్చవచ్చు. అంకె దిగకపోతే గార మిగిలిందా, పొగాకు మానలేదా, షుగర్ అదుపు తప్పిందా అని వెతకాలి.

క్లీనింగ్‌కు ముందు ప్రోబ్ కొలతలు రాయించుకోండి. రెండు మూడు నెలలకు మళ్లీ కొలిపించుకోండి. ఉమ్మి పరీక్ష దొరికితే మేలు, దొరకకపోయినా వైద్యం ఆగదు.