ముసలి నక్షత్రములు – వాని గ్రహములు



మా ద్రాక్షారామ భీమేశ్వరక్షేత్రము చుట్టునున్న గ్రామములలో నక్షత్రపాదముల లెక్కన 108 శివాలయములున్నవని ప్రతీతి. నక్షత్రములను మన మంత స్థిరములుగ భావింతుము. కాని వానికిని వార్ధకము గలదు. రోహిణిని చూడుడు. ఆ యెఱుపు వార్ధకచిహ్నమే. అది మన సూర్యునికంటె సుమారు 45 రెట్లు వెడల్పుగ నుబ్బియున్నది.

కారణ మేమనిన, నక్షత్రగర్భమున ఉదజని హీలియముగ మాఱుచు వేడిమి నిచ్చుచుండును. ఆ యుదజని తీరగనే గర్భము క్రుంగి మఱింత వేడెక్కును; పైపొరలు పొంగి, చల్లబడి, యెఱ్ఱనగును.

మన సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల యేండ్లు. మఱి 500 కోట్ల యేండ్లకు గర్భమందలి యుదజని తీరును. అటుపిమ్మట ఆతడు క్రమముగ సుమారు 200 రెట్లు పొంగును. బుధశుక్రు లందు లీనమగుదురు. గురుడును శనియు మిగులుదురు. భూమి సంగతి సందిగ్ధము: సూర్యుడు ద్రవ్యమును వెదజల్లి తేలికయైన కొలది భూమి దూరమునకు జరుగును, ఆటుపోటుల యీడ్పు దానిని లోనికి లాగును. ఇట్లు లోనికి జారిన యొక గ్రహమును దాని తార మ్రింగుట 2020లో గరుడరాశియందు కానవచ్చినది.

అయినను మన కంతకు ముందే నీరు కఱవగును. సూర్యకాంతి మెల్లగ హెచ్చుచున్నది. సుమారు 100 కోట్ల యేండ్లకు అది పదవవంతు పెరిగి సముద్రములు ఇంకనారంభించును, గోదావరియు నుండదు.

1962 ఫిబ్రవరిలో అష్టగ్రహకూటమి వేళ ప్రళయము తప్పదని దేశమున ననేకులు వణకిరి. కూటమి వచ్చి పోయెను, లోకము నిలిచెను. అట్టి వదంతి మరల మీ యూరికి వచ్చినచో, పిల్లలకు ఈ కోట్ల లెక్క చెప్పుడు.