కథ చెప్పుటలో సినిమా, వీడియో గేమ్

సినిమా కథ చెప్పు తీరు వేరు, వీడియో గేమ్ చెప్పు తీరు వేరు. మొదట మన మెరిగిన సినిమానే తీసికొందము. పూర్వపు కరీంనగరు జిల్లాలోని సిరిసిల్ల ప్రాంతపు పల్లెజీవితమును వేణు ఎల్దండి 2023లో 'బలగం' అను చిత్రముగా తీసెను. ముసలి కొమురయ్య మరణించును. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఇంటిలోని పాతకక్ష లన్నియు బయటపడును. చివర బుడిగజంగాలు వచ్చి చనిపోయినవాని కథను పాడగా, విడిపోయిన తోబుట్టువులు ఏడ్చి ఒకటగుదురు. చూచు మనకును కన్నీరు వచ్చును. కాని ఆ కలయికకు మనము చేసిన పని యేమియు లేదు. దర్శకుడు ఏ ముఖమును ఎంతసేపు చూపదలచెనో అంతసేపు చూచితిమి. సినిమా బలము అదియే.

పిల్లలు సెల్‌ఫోనులో ఆడు ఆటలకును కథ యున్నదన్నచో పెద్దలు నవ్వుదురు. చాల ఆటలలో కాల్పులకు కథ ఒక సాకు మాత్రమే గనుక ఆ నవ్వు అకారణము కాదు. అయినను 2013లో వెలువడిన 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్' అను ఆటను చూడుడు. దానికి దర్శకుడైన జోసెఫ్ ఫారెస్ అంతకుముందు స్వీడనులో సినిమాలు తీసినవాడే. అన్నదమ్ము లిద్దరు రోగియైన తండ్రికొరకు మందు తేబోవుదురు. ఆటగాని ఎడమచేతి మీటలు అన్నను, కుడిచేతి మీటలు తమ్ముని నడుపును. తల్లి నీట మునిగి మరణించినందున తమ్మునికి నీరన్న భయము. ఈదవలసినచోట అన్న వీపును పట్టుకొని దాటును. కథ తుదిలో అన్న మరణించును. ఎడమచేతికి ఇక పని లేదు. పిమ్మట తమ్ముడు ఒంటరిగా నీటియొడ్డున నిలిచినప్పుడు, అతని మీటలను ఎంత కదపినను అతడు ఈదడు. అన్న మీటను నొక్కినప్పుడే నీటిలోనికి దిగును. ఈ దృశ్యమును సినిమాగను తీయవచ్చును. కాని పనిలేక మిగిలిన ఆ ఎడమచేయి ప్రేక్షకునికి లేదు.

ఇక చిక్కు. ఆటగాడు గెలువవలెననియే కూర్చుండును. చచ్చినచో మరల మొదలుపెట్టును. ఆటలో చావు చవుక. ఆదిలాబాదు అడవులలోని జోడేఘాటున 1940లో నిజాము పోలీసుల కాల్పులకు కొమురం భీము నేలకొరిగెను. ఆ కథను ఆటగా చేసినచో, నేర్పరియైన కుర్రవాడు పదవసారికి పోలీసులను ఓడించి భీమును బ్రతికించును! 2022 నాటి 'ఆర్‌ఆర్‌ఆర్' సినిమాయు భీమును బ్రతికించినదే కదా యనవచ్చును. అది కల్పన యని తెలిసి దర్శకుడు చేసిన పని. ఆటలోనో, గెలిచిన ప్రతివాడును తన చేతులతో చరిత్రను చెరపివేయును.

నాకు తోచినది చెప్పెదను. గూడెము గూడెమునకు తిరిగి జనమును కూడగట్టుట ఆటగాని చేతిలోనే యుంచవచ్చును. ఎవరిని నమ్మవలెనో అతడే తేల్చుకొనవలెను. జోడేఘాటున మాత్రము ఏ మీటయు ఫలితమును మార్చరాదు. భీము పడినచోట ఆటను ఆపనక్కరలేదు. రాజగోండుల వంశగాథలను తరతరములుగా పాడువారు ప్రధానులు. వారి తంత్రీవాద్యము కిక్రి. ఆటగాని చేతికి ఆ కిక్రి నిచ్చి, తాను చూచినదానిలో ఏది పాడెదవని అడుగవలెను.