నడుము చుట్టుకొలతయు, పెద్దప్రేగు క్యాన్సరును

నడివయసున కొంచెము బొజ్జ కనబడినచో "తిన్నది ఒంటబట్టినది" అని సంతోషించుట మన ఇండ్లలో పాత అలవాటు. కరవుకాటకములను ఎరిగిన జాతికి అది సహజమే. ఒంటిలో కొవ్వు ఉండుట గాదెలో ధాన్యము ఉండుట వంటిదని పెద్దలు భావించిరి. చాల కాలము వైద్యశాస్త్రము కూడ ఇంచుమించుగ అట్లే తలచినది. మిగిలిన ఆహారశక్తిని దాచిపెట్టు కొట్టుగది వంటిదే కొవ్వు అని పాఠ్యగ్రంథములు చెప్పినవి.

ఈ భావమును మార్చిన పరిశోధనలలో ముఖ్యమైనది 1994లో వెలువడినది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము ఆ సంవత్సరమున లెప్టిన్ అను పదార్థమునకు మూలమైన జన్యువును కనుగొనినది. లెప్టిన్‌ను తయారుచేయునవి కొవ్వుకణములే. అది రక్తములో కలిసి మెదడును చేరి, దేహమున నిల్వ ఎంత ఉన్నదో తెలుపును. కావున కొవ్వు మూగగాదె కాదు. రాత్రింబగళ్లు తక్కిన శరీరముతో మాటలాడుచుండు అవయవము. అది అతిగా పెరిగినపుడు పంపు సందేశములలో కొన్ని పెద్దప్రేగునకు కీడు చేయును. ఎట్లు చేయునో చూతము.

పెద్దప్రేగు లోపలి పొరలోని కణములు కొలదిదినములకే రాలిపోవును. వాని స్థానమున క్రొత్తవి పుట్టును. ఒక కణము రెండు కణములగునపుడు దానిలోని జన్యులిపికి నకలు తీయబడును. ఇంత వేగముగా నకళ్లు తీయుచోట అప్పుడప్పుడు తప్పులు దొరలుట సహజము. తప్పుపడిన కణములలో అధికభాగము తమంత తామే నశించును. నశింపక మిగిలినవి మెల్లగా చిన్న పిలకవలె పెరుగును. దీనినే వైద్యులు పాలిప్ అందురు. అట్టి పిలకలలో కొన్ని మాత్రమే, సాధారణముగా పది సంవత్సరములో అంతకు మించియో గడచిన పిదప, క్యాన్సరుగా మారును.

ఈ సుదీర్ఘకాలములో కొవ్వు మూడు విధములుగా అపకారము చేయును. పొట్టలోపల ప్రేగులచుట్టును, కాలేయములోను కొవ్వు పేరుకొన్నపుడు కాలేయమును కండరములును ఇన్సులిన్ ఆజ్ఞను సరిగా పాటింపవు. అందుచే క్లోమము మరింత ఇన్సులిన్‌ను స్రవించును. ఇన్సులిన్ పని రక్తములోని చక్కెరను అదుపుచేయుట మాత్రమే కాదు. కణములను పెరుగుమని ప్రోత్సహించుట కూడ. ఇది మొదటిది. ఉబ్బిన కొవ్వుకణముల నడుమ రక్షకకణములు గుమిగూడి, నివురుగప్పిన నిప్పువలె సన్నని తాపమును ఏండ్ల తరబడి నిలుపును. ఇది రెండవది. కొవ్వుకణములే తయారుచేయు అడిపోనెక్టిన్ అను మేలుచేయు పదార్థము, కొవ్వు పెరిగినకొలది తగ్గును. ఇది మూడవది. ఎరువు ఎక్కువైన మడిలో కలుపు పైరును మించి పెరిగినట్లు, తప్పుపడిన కణములకు ఈ స్థితి అనుకూలించును.

ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో ఈ విషయమును సమీక్షించి, అధికమైన కొవ్వునకు 13 రకముల క్యాన్సరుతో సంబంధము కలదని నిర్ణయించినది. పెద్దప్రేగు, పురీషనాళముల క్యాన్సరు అందులో ఒకటి. సాధారణమైన బరువు గలవారికన్న స్థూలకాయులలో ఇది సుమారు 30 శాతము ఎక్కువ. ఈ అంకెను విని బెదరరాదు. స్థూలకాయులు నూరుమందిలో 30 మందికి ఈ జబ్బు వచ్చునని దీని అర్థము కాదు. సాధారణమైన బరువు గల వేయిమందిలో 20 మందికి వచ్చుననుకొన్నచో, వేయిమంది స్థూలకాయులలో 26 మందికి వచ్చునని మాత్రమే. ఒక మనిషికి ఇది చిన్న తేడా. కోట్ల జనము గల దేశమునకు చిన్నది కాదు.

మేము లావుగా లేము గదా, మాకేమి భయమని అడుగు శ్రోతలకు ఒక ఉదాహరణము చెప్పుదుము. 2004లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ఇద్దరు వైద్యశాస్త్రవేత్తల ఛాయాచిత్రము వెలువడినది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండవవారు లండనుకు చెందిన జాన్ యుడ్‌కిన్. ఎత్తును బట్టి బరువును లెక్కించు బి.ఎం.ఐ. ఇద్దరికిని సమానమే, సుమారు 22. కాని యుడ్‌కిన్ దేహమున కొవ్వు 9 శాతము. యాజ్ఞిక్ దేహమున 21 శాతము. భారతీయులలో సన్నగా కనబడువారి దేహమున సైతము కొవ్వు హెచ్చుగా ఉండవచ్చునని దీని వలన తెలియుచున్నది.

కాబట్టి త్రాసును మాత్రమే నమ్మరాదు. దర్జీలు వాడు టేపు చాలును. చివరి ప్రక్కటెముకకును తుంటి ఎముకకును నడుమ, ఊపిరి వదలిన పిదప, పొట్టను లోనికి బిగబట్టక కొలవవలెను. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, అనగా సుమారు 35 అంగుళములు. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా సుమారు ముప్పదియొకటిన్నర అంగుళములు హద్దు. అది దాటినచో భోజనమున అన్నము కొంత తగ్గించి, పప్పులు, ఆకుకూరలు, కాయగూరలు పెంచుట మేలు. ప్రతిదినము చురుకుగా నడచుట అంతకన్న ముఖ్యము. పనిచేయు కండరము ఇన్సులిన్ సహాయము అంతగా లేకయే చక్కెరను గ్రహించును. బరువు తగ్గకున్నను వ్యాయామము వృథా కాదు.

మరియొక్క మాట. సన్నని నడుము ఈ జబ్బు రాదనుటకు హామీపత్రము కాదు. మలములో రక్తము కనబడుట, మలవిసర్జన అలవాటు మారి వారములు గడచినను సరిపడకుండుట, ప్రయత్నింపకయే బరువు తగ్గుట, కారణము తెలియని రక్తహీనత, ఇవి వైద్యునికి చూపదగిన లక్షణములు. రక్తము పడగనే మొలలని తామే నిశ్చయించుకొని, ఇంటివారికి సైతము చెప్పక నెలల తరబడి దాచువారు కలరు. అది మొలలే కావచ్చును. కాని ఆ మాట పరీక్షించిన వైద్యుడు చెప్పవలెను. పిలకగా ఉన్నపుడే గుర్తించి తొలగించినచో అది క్యాన్సరు కాకుండ నివారింపవచ్చును. ఇంటిలో పెద్దవారు ముందు సిగ్గు విడిచి చెప్పినచో, పిన్నలును దాచరు.