స్టీరింగ్ పట్టగానే గుండె దడ... ఒకసారి థైరాయిడ్ చూపించుకోండి

మలాజ్‌లో స్టేడియానికి కాస్త వెనగ్గా ఉన్న పాత బిల్డింగులో మా గది. ఉండేది నలుగురమే అయినా శుక్రవారం వచ్చేసరికి ఎనిమిది మందిమి అవుతాం. చుట్టుపక్కల ఇళ్లలో హౌస్ డ్రైవర్లుగా చేసే మనవాళ్లు పప్పుచారు కోసం, నాలుగు తెలుగు మాటల కోసం వస్తారు. వాళ్లలో ఒకడు జగిత్యాల దగ్గరి పల్లె తమ్ముడు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. వయసు 34. తొమ్మిదేళ్లుగా రియాద్‌లో బండి నడుపుతున్నాడు, ఒక్క యాక్సిడెంటు లేదు.

ఒక గురువారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ‘‘అన్నా, ఖురైస్ రోడ్డు మీద బండి పక్కకు పెట్టిన. పానం పోయేటట్టున్నది. చేతులు వణుకుతున్నయ్. జెర జల్ది రాయే.’’ మేం టాక్సీ పట్టుకుని వెళ్లేసరికి ఏసీ ఫుల్లుగా తిరుగుతోంది, చొక్కా మాత్రం పిండితే నీళ్లు కారేలా ఉంది. గుండెపోటే అనుకుని ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఈసీజీ తీశారు. గుండె వేగంగా కొట్టుకుంటోంది గానీ పోటు లేదు, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపించారు.

పదిరోజులు తిరక్కుండానే రింగ్ రోడ్డు మీద మళ్లీ అదే. ఈసారి వెనక సీట్లో కఫీల్ పిల్లలిద్దరున్నారు. ఎలాగోలా ఇంటికి చేర్చాడు. ఆ రాత్రి మా గదికొచ్చి ఏడ్చేశాడు. ‘‘పిల్లలకేమన్నా అయితే నా బతుకు జైల్లనే. ఖురూజ్ కొట్టిచ్చుకోని పోతనే అన్నా.’’ ఇంటి మీద అప్పు ఇంకా తీరలేదు. అందుకే తలా ఒకటి చెప్పాం. అప్పు దిగులని ఒకరు, దిష్టి అని ఒకరు. మా కడప పెద్దాయన అయితే నిమ్మకాయ కూడా తెప్పించాడు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతకు మూడు నెలల ముందు నుంచే అతని ప్యాంట్లు వదులైపోతున్నాయి. మాలో అందరికన్నా ఎక్కువ తింటాడు, ఒంటికి పట్టదు. చలికాలంలో కూడా ఫ్యాను కావాలంటాడు. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టక ఫోను చూస్తూ కూర్చుంటాడు. వీటిని చూసి మేం నవ్వుకున్నామే గానీ కలిపి ఆలోచించలేదు. ఆలోచించింది ఒక క్లినిక్‌లో పనిచేసే మలయాళీ నర్సమ్మ. అతని రెండు చేతులూ ముందుకు చాపించి, వేళ్ల మీద తెల్ల కాగితం పెట్టింది. కాగితం సన్నగా వణికింది. కూర్చుని ఉండగానే నాడి నిమిషానికి 124. డాక్టర్‌తో మాట్లాడి రక్తపరీక్ష రాయించింది. టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. టీ3, టీ4 ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ. రోగం పేరు గ్రేవ్స్ వ్యాధి.

మెడలో ఏముంది?

గొంతు ముందు సీతాకోకచిలుక రెక్కల్లా ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. మన పాత పుస్తకాల్లో అవటు గ్రంథి అని రాసేవారు. శరీరం ఎంత వేగంగా నడవాలో చెప్పే హార్మోన్లు అక్కడే తయారవుతాయి. అవి ఎక్కువైతే గుండె వేగం పెరుగుతుంది, చెమటలు, వణుకు, ఊరికే భయం. పైగా అడ్రినలిన్‌కు గుండె మరీ తేలిగ్గా ఉలిక్కిపడుతుంది. మామూలు మనిషికి పక్క లారీ హారన్ కొడితే చిరాకు. ఈ రోగం ఉన్నవాడికి అదే హారన్‌తో గుండె గొంతులోకి వస్తుంది.

మరి బండిలోనే ఎందుకు? ఇంట్లో దడ వస్తే లేచి నీళ్లు తాగొచ్చు, పడుకోవచ్చు. ఫ్లైఓవర్ మీద మధ్య లేన్‌లో ఎక్కడికి పోతాం? కదలకుండా కూర్చున్నప్పుడు గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది. ‘పోతున్నాను’ అనిపిస్తుంది. ఆ భయానికి ఇంకాస్త అడ్రినలిన్, దానికి ఇంకాస్త దడ. నిమిషాల్లో పరాకాష్ఠకు చేరుతుంది. ఒకసారి ఇలా జరిగిన చోటును మనసు మరచిపోదు. మళ్లీ ఆ ఫ్లైఓవర్ కనిపించగానే దడ మొదలు.

ఇదేం కొత్త సంగతి కాదు. ఇంగ్లండ్‌లోని బాత్ పట్నంలో కాలెబ్ ప్యారీ అనే డాక్టరు రాసుకున్న రోగుల వివరాలు ఆయన పోయాక, 1825లో అచ్చయ్యాయి. అందులో ఒక యువతి చక్రాల కుర్చీలో కొండ దిగుతూ జారి కిందపడింది. దెబ్బలు పెద్దగా లేవు, భయం మాత్రం పట్టుకుంది. అప్పటినుంచి గుండె దడ, రెండు వారాలకు గొంతు దగ్గర వాపు. ఆ తర్వాత పదేళ్లకు, 1835లో, డబ్లిన్ డాక్టర్ రాబర్ట్ గ్రేవ్స్ ఇలాంటి రోగుల గురించే రాశాడు. రోగానికి ఆయన పేరే నిలిచింది.

దడ వచ్చిన ప్రతి ఒక్కరికీ థైరాయిడ్ అనుకోకూడదు. ఇలాంటి భయం వచ్చేవాళ్లలో ఎక్కువమందికి థైరాయిడ్ మామూలుగానే ఉంటుంది. కానీ ఒక్క రక్తపరీక్షతో తేలిపోయేదాన్ని చూడకుండా వదలడం ఎందుకు? ఈ జబ్బు ఆడవాళ్లలో చాలా ఎక్కువ, అందుకే మగవాళ్లలో అనుమానించరు. సిగరెట్ తాగేవాళ్లకు గ్రేవ్స్ వచ్చే అవకాశం, కళ్లు దెబ్బతినే ప్రమాదం రెండూ ఎక్కువే. హార్మోను తక్కువైనా, అంటే నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం ఉన్నప్పుడు కూడా దిగులు, ఆందోళన ఉండొచ్చు. దానికి వేసుకునే థైరాక్సిన్ మోతాదు మించితే మళ్లీ దడే. సన్నబడడానికని అమ్మే పేరులేని పొడుల్లో థైరాయిడ్ హార్మోను కలిపిన ఉదంతాలున్నాయి. వాటి జోలికి పోకండి.

మందులు, జాగ్రత్తలు

మా తమ్ముడికి కార్బిమజోల్ ఇచ్చారు, దడ తగ్గడానికి కొన్నాళ్లు ప్రొప్రనొలోల్. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ రెండోది వాడకూడదు, డాక్టరుకు ముందే చెప్పాలి. కార్బిమజోల్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే పారాసెటమాల్ వేసుకుని ఊరుకోకండి. మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి పోయి తెల్లకణాల పరీక్ష చేయించుకోవాలి. కోర్సు సాధారణంగా 12 నుంచి 18 నెలలు. తగ్గిందని మధ్యలో మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బండిలో ఉండగా దడ వస్తే ఇండికేటర్ వేసి కుడివైపుకు తీసి, హజార్డ్ లైట్లు పెట్టి ఆపండి. ఊపిరి గబగబా పీల్చకుండా నెమ్మదిగా, పొడుగ్గా వదలండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి పాకే నొప్పి, స్పృహ తప్పినట్టు ఉంటే మాత్రం థైరాయిడ్ అని సరిపెట్టుకోవద్దు, 997కి ఫోన్ చేయండి. ఏ ఆస్పత్రికి పోవాలో తెలియకపోతే సౌదీ ఆరోగ్య శాఖ నంబరు 937 ఉంది. ఊరి నుంచి వచ్చేవాళ్లతో ఆల్ప్రజోలం లాంటి మాత్రలు తెప్పించుకోవద్దు. ఇక్కడ అవి నియంత్రిత మందులు, డాక్టర్ చీటీ లేకుండా దొరికితే కేసే. పైగా వాటితో స్టీరింగ్ మీదే నిద్ర ముంచుకొస్తుంది.

ఇక కఫీల్‌కు చెప్పడం. చెబితే ఉద్యోగం పోతుందని వారం రోజులు నాన్చాడు. చివరికి మాలో అరబ్బీ బాగా వచ్చినతను వెంట వెళ్లి రిపోర్టు చూపించాడు. కఫీల్ కాగితం చదివి లోపలికి కేకేశాడు. మదాం తలుపు చాటు నుంచే, తనూ ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నానంది. అయితే తనది తక్కువ రకం. నెల రోజులు బండి తమ్ముడు వేరొకతను నడిపాడు. అందరికీ ఇలాంటి కఫీల్ దొరకడని మాకూ తెలుసు. మా బిల్డింగులోనే మరొకతను చెప్పకుండా దాచి, ఇంకా మెట్రో ఎక్కి డాక్టర్ దగ్గరికి వెళ్లొస్తున్నాడు.

ఆరు వారాలకు తమ్ముడి నాడి 82కి వచ్చింది. ఖురైస్ రోడ్డు భయం మాత్రం అంత త్వరగా పోలేదు. మొదట పక్క సీట్లో కూర్చుని రెండుసార్లు, తర్వాత తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు తనే నడుపుతూ, ఆ తర్వాత ట్రాఫిక్‌లో. ఇప్పుడు పిల్లల్ని బడికి దింపుతున్నాడు. మాత్రల డబ్బా మొదట్లో డ్యాష్‌బోర్డులో పెట్టుకునేవాడు. ఎండాకాలం ఆ వేడికి మందు పాడవుతుందని ఫార్మసిస్టు చెప్పాక మా గదిలోనే, బియ్యం సంచి పైనున్న అరలో పెడుతున్నాడు. రెండు రోజులకోసారి వచ్చి తీసుకెళ్తాడు.